తొందర లేని సిడ్నీ: రైలు మీద, ఫెర్రీ మీద ఒక్కరోజు ప్రయాణాలు

నమస్కారం. సిడ్నీ పడమటి శివార్లలో, అంటే పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి ఓపెరా హౌస్ అంటే, ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు కారులో తీసుకువెళ్లి, పార్కింగుకు బోలెడంత చెల్లించి, నాలుగు ఫోటోలు దిగి, ట్రాఫిక్ పెరగకముందే వెనుదిరిగే చోటు. ఆ హడావుడిలో మనం పోగొట్టుకునేది ఈ నగరంలోని దారులను. రైలుకూ ఫెర్రీకీ ఒకే కార్డు చెల్లే ఊరిలో, ఒకదానిలో వెళ్లి మరొకదానిలో తిరిగి వచ్చేలా రోజును అమర్చుకుంటే, చూసిన దారినే మళ్లీ చూడవలసిన అవసరం ఉండదు.

ముందుగా ఖర్చు సంగతి. ఓపల్ కార్డు గానీ, మామూలు బ్యాంకు కార్డు గానీ, ఫోను గానీ వాడవచ్చు; ఎన్నిసార్లు ఎక్కి దిగినా, ఒక రోజుకు ఇంత అనే గరిష్ఠ పరిమితి దాటి డబ్బు తీసుకోరు. శుక్ర, శని, ఆదివారాలలో ఆ పరిమితి మిగతా రోజులలో ఉన్నదానికి సగమే. శుక్రవారాన్ని ఈ జాబితాలో చేర్చింది 2023 అక్టోబరులో. ఆ రోజు సెలవు పెట్టుకోగలిగినవారికి వారాంతపు రద్దీ కూడా తప్పుతుంది. ఒక జాగ్రత్త: ఉదయం కార్డు చూపించి సాయంత్రం అదే కార్డు ఉన్న ఫోనును చూపిస్తే, యంత్రం వాటిని రెండు వేరు వేరు కార్డులుగా లెక్కిస్తుంది, పరిమితి లాభం దక్కదు.

ఇప్పుడు తెర మీద కనిపిస్తున్నది పారమట్టా ఫెర్రీ రేవు. ఎక్కువమంది సిటీ నుంచి పారమట్టాకు పడవలో వస్తారు. నా అభిప్రాయంలో ఉదయం పూట పారమట్టాలో ఎక్కి దిగువకు వెళ్లడమే మేలు, ఎందుకంటే నది క్రమక్రమంగా విప్పారుతూ పోయి చివరకు హార్బరుగా మారడం ఈ దిశలోనే కంటికి తెలుస్తుంది. రైలు అరగంటలో తీసుకుపోయే దూరానికి పడవ దాదాపు గంటన్నర తీసుకుంటుంది. మొదటి భాగంలో నది ఎంత సన్నగా ఉంటుందంటే, రెండు ఒడ్డులనూ కమ్ముకున్న మడ చెట్ల మధ్య, కోరంగిలో పడవ ఎక్కినవారికి ఆ కాలువలు గుర్తుకు వచ్చేలా, పడవ నెమ్మదిగా జారిపోతుంది. ఆ నెమ్మదికి కారణం ఉంది: వేగంగా వెళితే లేచే అలలు ఒడ్డును కోసేస్తాయి. అందుకే ఈ దారికోసం 1990లలో తెచ్చిన, అడుగుభాగాలు రెండు పక్కపక్కన ఉండే కాటమరాన్ పడవలను, వెనుక అల తక్కువగా లేచేలా ప్రత్యేకంగా రూపొందించారు.

నీరు మరీ తగ్గిన ఆటు సమయంలో పడవ పారమట్టా దాకా రాలేదు. అప్పుడు రైడల్‌మియర్ రేవు దాకా బస్సు నడుపుతారు. కాబట్టి బయలుదేరేముందు ఆనాటి వేళలు చూసుకోవాలి.

ఈ నది సాదాసీదా దారి కాదు. 1788 జనవరిలో ఇంగ్లండు నుంచి ఖైదీలతో వచ్చిన ఓడలు ఇప్పుడు సిటీలో సర్క్యులర్ క్వే రేవు ఉన్న చోట లంగరు వేశాయి. అదే ఏడాది నవంబరులో, సాగుకు పనికివచ్చే నేలను వెతుక్కుంటూ నదికి ఎగువన, ఇక్కడి ఆదివాసులైన ధరుగ్ ప్రజల నేల మీద, రెండో స్థావరం వేశారు. అదే నేటి పారమట్టా. రెండింటి మధ్య మనుషులూ ధాన్యమూ పడవల మీదే తిరిగేవి. 1855 సెప్టెంబరులో ఈ రాష్ట్రపు తొలి రైలుమార్గం సిడ్నీ నుంచి ఇటువైపే పడింది. మన ప్రయాణంలో పడవ మెడోబ్యాంక్ దగ్గర రైలు వంతెన కిందుగా వెళుతుంది. పక్కనే 1886 నాటి పాత ఇనుప వంతెన ఇంకా నిలిచి ఉంది, ఇప్పుడు దాని మీద నడిచేవారూ సైకిళ్లూ మాత్రమే. ఇంకా దిగువన గ్లేడ్స్‌విల్ వంతెన వస్తుంది. 1964లో అది తెరిచినప్పుడు, 305 మీటర్ల కాంక్రీటు కమానుతో, ప్రపంచంలో ఆ రకం కమానులన్నిటిలోకీ పొడవైనది. సిడ్నీవాసులు దాని మీదుగా కారులో పోతూ దాని అందాన్ని ఎన్నడూ చూడలేరు; అది కిందనుంచి మాత్రమే కనిపించే వంతెన.

కాకటూ దీవిని దాటి, హార్బర్ బ్రిడ్జి కిందుగా సర్క్యులర్ క్వేలో దిగుతాము. అక్కడినుంచే రైలు ఎక్కి ఇంటికి పోవచ్చు కానీ, నేనైతే మరో చిన్న ఫెర్రీ ఎక్కి ఎదుటి ఒడ్డున మిల్సన్స్ పాయింట్‌లో దిగమంటాను. 1935 నాటి లూనా పార్కు పక్కగా కొద్దిపాటి ఎత్తు ఎక్కితే రైలు స్టేషను. అక్కడ ఎక్కిన పారమట్టా రైలు మొదట హార్బర్ బ్రిడ్జినే దాటుతుంది. పొద్దున ఏ వంతెన కిందుగా వచ్చామో, సాయంత్రం దాని మీదుగా ఇంటికి. పట్టాలు వంతెనకు పడమటి అంచున ఉన్నాయి కనుక ఓపెరా హౌస్ వైపు చూస్తూ కూర్చుంటే నిరాశే. కుడివైపు కిటికీ పట్టుకుంటే ఉదయం పడవలో వచ్చిన నీళ్లే కనిపిస్తాయి. 1932లో వంతెన తెరిచినప్పుడు తూర్పు అంచున కూడా పట్టాలు ఉండేవి, ట్రాముల కోసం. 1958లో వాటిని తీసేసి కార్లకు ఇచ్చారు.

మాన్లీ గురించి ఎక్కువ చెప్పను, అందరూ వెళతారు. అయితే వేగంగా పోయే పడవలను వదిలి, 1982 నుంచి 1988 మధ్య వచ్చిన ఫ్రెష్‌వాటర్ తరగతి పెద్ద ఫెర్రీని ఎంచుకుని, బయటి డెక్ మీద నిలబడండి. హార్బరు ముఖద్వారంలో నార్త్ హెడ్, సౌత్ హెడ్ అనే రెండు కొండకొమ్ముల మధ్య సందు దగ్గర మహాసముద్రపు అల నేరుగా లోపలికి వస్తుంది, అంత పెద్ద పడవా ఊగుతుంది. పూర్వపు స్టీమర్ కంపెనీ మాన్లీని సిడ్నీకి ఏడు మైళ్లు, చింతలకు వెయ్యి మైళ్లు అని ప్రచారం చేసుకునేది.

నాకు అంతకంటే ఇష్టమైనది దక్షిణాన బండీనా. సెంట్రల్ స్టేషను నుంచి క్రోనుల్లా రైలు ఎక్కి చివరి స్టేషనులో దిగితే, నాలుగడుగుల దూరంలో గన్నమట్టా బే రేవు. ఇక్కడినుంచి పోర్ట్ హాకింగ్ మీదుగా నడిచే పడవలలో కరనుల్లా అనేది 1939లో చెక్కతో కట్టినది. అరగంటలోపే బండీనా చేరతాము. రోడ్డు మీద వెళితే రాయల్ నేషనల్ పార్కు అడవి అంతా చుట్టి రావాలి. 1879లో ఏర్పడిన ఆ పార్కు ప్రపంచంలోనే చాలా పాతవాటిలో ఒకటి. రేవు నుంచి జిబ్బన్ బీచ్ మీదుగా నడిచి వెళితే, ధరావల్ ప్రజలు ఇసుకరాతి మీద చెక్కిన తిమింగలాలు, కంగారూలు కనిపిస్తాయి. పడవ గంటకు ఒకటే కనుక తిరుగు వేళను ముందే అనుకోవాలి. అన్నట్టు, మనవాళ్లంతా కారులోనే వెళ్లే హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి ఈ పార్కుకు దక్షిణపు కొసనే ఉంది. ఆ ఊరికీ రైలుంది, స్టేషను నుంచి గుడికి నడక మాత్రం కొంచెం ఎక్కువే.

ఉత్తరాన హాక్స్‌బరీ నది స్టేషనుకు సెంట్రల్ నుంచి గంట ప్రయాణం. రైలు దిగినచోటే రేవు, అక్కడినుంచి డాంగర్ దీవికి చిన్న ఫెర్రీ. దీవిలో కార్లు ఉండవు. సరుకులు ఇంటికి చేర్చుకోవడానికి అక్కడివారు రేవు దగ్గరే ఒంటిచక్రం తోపుడుబళ్లు వరుసగా నిలిపి ఉంచుతారు. సిడ్నీని ఉత్తరాదితో కలిపిన 1889 నాటి రైలు వంతెన కట్టిన పనివారు ఉన్నది ఈ దీవిలోనే. 1946లో కొత్త వంతెన వచ్చినా పాతదాని స్తంభాలు నీళ్లలో మిగిలే ఉన్నాయి. వీలైతే దిగకుండా వోయ్ వోయ్ దాకా కొనసాగండి: ఆ కొద్దిదూరం రైలు నీటి అంచునే నడుస్తుంది, మధ్యలో రోడ్డే లేని వండబైన్ స్టేషను వస్తుంది. 2024 డిసెంబరులో ఈ మార్గంలోకి వచ్చిన మారియుంగ్ రైళ్లలో సీట్లను ప్రయాణ దిశకు తిప్పుకునే వీలు తీసేశారు. కిటికీ కోసమే ఎక్కే నాలాంటివారికి అది కొంచెం కష్టంగానే ఉంది.

స్వదేశం నుంచి తల్లిదండ్రులు వచ్చి ఉన్నవారికి రెండు మాటలు. నగరంలో తిరిగే సబర్బన్ రైళ్లలో మరుగుదొడ్లు ఉండవు, ఫెర్రీలలో ఉంటాయి. వారాంతాలలో పట్టాల మరమ్మతుల పేరిట కొన్ని మార్గాలలో రైళ్లు ఆపి బస్సులు నడుపుతారు, కనుక ముందురోజు రాత్రి ఒకసారి చూసుకోండి. పెద్దవారికి మొదట చూపించవలసింది పారమట్టా ఫెర్రీనే. మిల్సన్స్ పాయింట్ ఎత్తు ఎక్కలేమన్నా, సర్క్యులర్ క్వేలో దిగిన చోటే రైలు ఉంటుంది, సెంట్రల్‌లో ఒక్కసారి మారితే చాలు.