కాటిసీనులో నా పని

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ రాసిచ్చారు. కళ్ళజోడేమో బ్యాగులో ఉండిపోయింది, బ్యాగేమో కింద మా చెల్లెలి ఒళ్ళో ఉంది. అందుకని అందరికీ కలిపి ఒకటే దణ్ణం, ఏమీ అనుకోకండి. శాలువా కప్పారు, సంతోషం. ఇంట్లో ఇలాంటివి ఒక బీరువాడు ఉన్నాయి. ఈసారి దుప్పటివ్వండయ్యా, చలికాలం పనికొస్తుంది.

ఇవాళ ఏప్రిల్ 16, వీరేశలింగం పంతులు గారి పుట్టినరోజు. 1880లోనే రాజమండ్రిలో శిష్యులకి వేషాలు కట్టి నాటకం ఆడించిన మహానుభావుడు. ఆయన పేరు మీద ఈ రోజును తెలుగు నాటకరంగ దినోత్సవం చేసుకుంటున్నాం. నాకిచ్చిన విషయం ‘ప్రేక్షకుల్ని మెప్పించడం ఎలా’. పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంటి దగ్గర నాలుగు కాగితాలు రాసుకున్నాను. అవీ ఆ బ్యాగులోనే ఉన్నాయి.

పోనీలెండి. మా నాటకాలు ఆడేది ఎక్కడ? తిరునాళ్ళలో. పగలు ఎడ్లతో బండలాగుడు పోటీలు, రాత్రి హరిశ్చంద్ర నాటకం. నేను మధ్యాహ్నమే ఊళ్ళో దిగి ఎడ్లపందెం దగ్గర నిలబడేదాన్ని. ఎంత బాగుంటుందండీ ఆ లెక్క! ఇచ్చిన టైములో ఆ జత బండని ఎంత దూరం లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. ఇన్ని అడుగుల ఇన్ని అంగుళాలని మైకులో చెప్తారు. ఎద్దుకి ఏ సిఫార్సూ అక్కర్లేదు. అడుగులు చెప్పేస్తాయి. మాకు అట్లాంటి టేపు లేదు. మాకున్నదల్లా ఒక్కటే కొలత, పద్యం మళ్ళీ పాడమని జనం అరిచే వన్స్‌మోర్.

ఈ వన్స్‌మోర్ మీద నాకు నలభై రెండేళ్ళ నుంచీ కోపం ఉంది. ఇవాళ మైకు దొరికింది కాబట్టి చెప్పేస్తాను.

కాంట్రాక్టు నాటకం సంగతి కుర్రాళ్ళకి తెలియదేమో. రిహార్సల్సు ఉండవు. కాంట్రాక్టరు ఫోను చేస్తాడు, బస్సెక్కి వెళ్తాం. మేకప్పు గదిలో ఎవరో సగం మీసం అతికించుకుంటూ ‘అమ్మా, చంద్రమతి మీరేనా?’ అంటారు. ఆయనే ఆ రాత్రికి నా మొగుడు. ఆయన కూడా తెల్లారేదాకా కాదు. వారణాసి సీనుకి ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకి ఇంకో హరిశ్చంద్రుడు. పద్యం ఎవరికెక్కడ బాగా పేలుతుందో అక్కడ వాళ్ళని పెడతారు. వారణాసిలో నన్ను అమ్మినాయన ఒకడు, శ్మశానంలో నా తాళి గుర్తుపట్టేది ఇంకొకాయన! నవ్వుతున్నారు, నేనూ నవ్వేదాన్ని. హార్మోనిస్టు మాత్రం నవ్వేవాడు కాదు. ఆయనది ఒకటిన్నర శ్రుతి, ఈయనది రెండు, నాది ఐదు. పాపం, రాత్రంతా ఆయన వేళ్ళే మా ముగ్గురికీ కాపరం కుదర్చాలి.

ఇక మెప్పించడం. మొదట్లో నన్నెవరితో పోల్చేవాళ్ళో తెలుసా? స్థానం నరసింహారావు గారితో. 1920లో బాపట్లలో చంద్రమతి వేషధారి రాకపోతే ఆ వేషం కట్టుకుని స్టేజీ ఎక్కినాయన. సత్యభామ, చిత్రాంగి, మధురవాణి, ఏ ఆడవేషమైనా ఆయనదే. 1956లో పద్మశ్రీ వచ్చింది. సురభి వాళ్ళు మొదట్నుంచీ ఇంటి ఆడవాళ్ళతోనే ఆడవేషాలు కట్టించారు గానీ, మిగతా చోట్ల చాలాకాలం మగవాళ్ళే కట్టారు. నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన నాటకం అయ్యాక లోపలికొచ్చి, ‘స్థానం వారు నడిస్తే ఆడది నడిచినట్టుండేదమ్మా, నీకింకా ఆ నడక రాలేదు’ అన్నాడు. నేను ఆడదాన్నే కదండీ! ఏం చెప్పను? ‘నేర్చుకుంటాను బాబాయ్’ అన్నాను. నేర్చుకున్నాను కూడా. అద్దం ముందు నడిచి చూసుకున్నాను. ఆయన అన్నదాంట్లో ఎంతో కొంత నిజముంది, అదింకా ఒళ్ళు మండే సంగతి.

సరే, కాటిసీనుకి వద్దాం. అందులో హరిశ్చంద్రుడు పాడే శ్మశానం పద్యాలు జాషువా గారివి. బలిజేపల్లి వారు రాసిన హరిశ్చంద్ర నాటకంలోకి వాటిని నటులు తెచ్చుకున్నారు, జనం ఇక పోనివ్వలేదు. కులం పేరు చెప్పి అవమానించిన లోకంలో బతికాడాయన. అట్లాంటి ఆయన పద్యానికి అర్ధరాత్రి ఊరు ఊరంతా లేచి వన్స్‌మోర్ అనేది. ఆ ఒక్క వన్స్‌మోర్ మీద మాత్రం నాకు కోపం లేదు. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారి గొంతులో ఆ పద్యాలు విన్నవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు, మీకు నేను చెప్పేదేముంది.

ఆ పద్యాలు జరుగుతున్నంతసేపూ చంద్రమతి ఎక్కడుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పక్క తెర వెనక, చచ్చిన కొడుకుని భుజాన వేసుకుని నిలబడి ఉంటుంది. పద్యం ఒకసారి పాడితే ఒక లెక్క. వన్స్‌మోర్ అంటే ఇంకో లెక్క. మధ్యలో చదివింపులు. ‘ఫలానా వారు హరిశ్చంద్ర పాత్రధారికి నూటపదహార్లు’ అని మైకులో చెప్తారు, ఆయన చేతులు జోడించి మళ్ళీ రాగం ఎత్తుకుంటాడు. నా భుజం పడిపోతుంటుంది.

పల్నాడులో ఒక ఊరు, పేరొద్దు. ఆ రాత్రి లోహితాస్యుడు ఆ ఊరి పిల్లాడే, ఏడెనిమిదేళ్ళుంటాయి. సాయంత్రం తిరునాళ్ళలో కారబ్బూందీ తిన్నాడట, నాకు తర్వాత తెలిసింది. కాటిసీనుకి రెండున్నర దాటింది. మూడు వన్స్‌మోర్లు. పిల్లాడు నా భుజం మీదే నిజంగా నిద్రపోయాడు. స్టేజీ మీదికెళ్ళి కూర్చుని వాణ్ణి ఒళ్ళో వేసుకున్నాను. హరిశ్చంద్రుడు ఇంకో పద్యం, దానికో వన్స్‌మోర్. నా ఎడమకాలు తిమ్మిరెక్కి నాది కానట్టుంది. ఆయన పద్యం అయిపోయింది, ఇక నా పద్యం నేను ఎత్తుకోవాలి. నోరు తెరిచాను. అప్పుడు పిల్లాడు కళ్ళు తెరవకుండానే, స్పష్టంగా, మైకులో పడేట్టు అన్నాడూ,

‘అమ్మా, నీళ్ళు.’

జనం గొల్లుమన్నారు. ఈలలు. ముందు వరసలో ఒకాయన నవ్వి నవ్వి తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. హరిశ్చంద్రుడు నావైపు చూసిన చూపుంది చూశారూ, విశ్వామిత్రుడు కూడా అట్లా చూడడు.

నాకేం తోచిందో ఇప్పటికీ తెలియదు. వాడి మొహం మీద పమిట కప్పి, తల గుండెకి అదుముకున్నాను. లేచే నవ్వుల్లోకే మెల్లగా అన్నాను: ‘దాహం అడుగుతున్నాడండీ నా బిడ్డ. నాకు వినపడుతోంది.’ ఆగాను. తలెత్తి జనం వైపు చూశాను. ‘మీకూ వినపడిందా తల్లీ?’ అని ముందున్న ఒక ముసలమ్మని అడిగాను.

ఆ ముసలమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వు ముందు నుంచి వెనక్కి, దీపాలు ఒక్కొక్కటే ఆర్పినట్టు ఆగిపోయింది. హార్మోనిస్టు, దేవుడు ఆయన, తిత్తి మీద చెయ్యి తీసేశాడు. శనక్కాయలవాడి పెట్రోమాక్సు లైటు బుస్సుమంటున్న శబ్దం వినపడింది నాకు. అప్పుడు ఎత్తుకున్నాను పద్యం. ఒక్కళ్ళు వన్స్‌మోర్ అంటే ఒట్టు.

లోపలికొచ్చాక హరిశ్చంద్రుడు, ‘ఏంటమ్మా, లేని డైలాగులు చెప్తావు? నా పద్యం ఎఫెక్టంతా పోయింది’ అన్నాడు. చదివింపులు లెక్క చూస్తే అన్నీ ఆయన పేరు మీదే. నాకొక్క రూపాయి రాలేదు. కాంట్రాక్టరు పిల్లాడి డబ్బుల్లో కోత పెట్టబోతే నేను గొడవపెట్టుకున్నాను. వాడికేం తెలుసు? వాడికి దాహమేసింది, అడిగాడు.

ఇప్పుడు మీ సంగతి. అదుగో, వెనక నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్న బాబులూ, మిమ్మల్నే. నా నాటకాలు యూట్యూబులో బోలెడున్నాయి. మా మనవరాలు చూపించింది. కాటిసీను ఎనిమిది నిమిషాలు, అందులో నేను కనపడేది మోకాలు. మోకాలూ, పిల్లాడి పాదం. ఆయన నోరు, ఆయన చెయ్యి, ఆయన కిందకి వంగితే మళ్ళీ ఆయన నోరు. ఆ ఎనిమిది నిమిషాలూ నేనేం చేస్తున్నాననుకున్నారు? వింటున్నాను. ప్రతి మాటా మొదటిసారి వింటున్నట్టు వింటున్నాను, వెయ్యోసారైనా సరే. నేను వినకపోతే ఆ పద్యం ఎవరికి చెప్తున్నాడాయన? ఒక్కసారి ఫోను ఇటు తిప్పండి నాయనా. డబ్బులేం అడగట్లేదు.

టైమైపోయిందని కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. వన్స్‌మోర్ అనని మనిషి ఈయనొక్కడే దొరికాడు. అయిపోయిందండీ, ఒక్క మాట.

రాత్రికి ఇక్కడ కాటిసీను ఉందిట. చంద్రమతి కట్టే అమ్మాయి ఏదీ? ఆ, నువ్వేనా? ఎడమకాలు మడిచి కూర్చోకమ్మా, తిమ్మిరెక్కుతుంది. కుడికాలు మడిచి, పిల్లాడి తలకింద చిన్న తువ్వాలు మడతపెట్టుకో. చీర కుచ్చిళ్ళలో కనపడదు. ఆయన ఎన్ని వన్స్‌మోర్లు పాడినా ఆయన మొహంలోకే చూడు, జనంలోకి చూడకు.

లోహితాస్యుడెవరు ఇవాళ? నువ్వా బాబూ? ఇట్రా. నీళ్ళు తాగావా?