చెరువు నుంచి ఫోన్ వచ్చేలోపు

సభకు నమస్కారం అండి.

"ఇల్లు, పిల్లల్ని చూసుకుంటూ కొత్త సంగీత రచనలు ఎలా చేస్తున్నారో చెప్పండి" అని నన్ను పిలిచారు. ముందే ఒప్పేసుకుంటాను, నేను చేసింది కొంచెమే. పన్నెండేళ్లలో రెండు వర్ణాలు, నాలుగు కృతులు, ఒక తిల్లానా. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణగారు చిన్న వయసులోనే మొదలుపెట్టి 72 మేళకర్తల్లోనూ, అంటే మూల రాగాలన్నిట్లోనూ, కృతులు చేశారు. ఆ లెక్క చూసుకుంటే నాలాంటివాళ్లు వయొలిన్ అటకెక్కించేయాలి. నేను ఎక్కించాను కూడా. పెద్దమ్మాయి పుట్టాక రెండేళ్లు పెట్టె అక్కడే ఉంది. దించేసరికి తీగలు తుప్పు పట్టాయి, కమాను వెంట్రుకలు సగం ఊడిపోయాయి, తీగలు బిగించే బిరడలు ఉబ్బి తిప్పితే తిరగలేదు. మన డెల్టా తేమ సంగతి మీకు తెలియనిదా?

అప్పట్నుంచి వయొలిన్ పడకగదిలో మంచం పక్కనే ఉంటుంది.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా ఆయనకి రొయ్యల చెరువులు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే పంట తేలిపోతుంది. అందుకని ఆయన మూడున్నరకల్లా బండి తీస్తారు. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేస్తుంది. ఇంక నిద్ర పట్టదు, చెరువు ఎలా ఉందోనని టెన్షన్. కొన్నేళ్లు ఆ గంటన్నరా ఫోన్ చూస్తూ పొర్లాను. ఒకరోజు, ఎలాగూ నిద్ర పోయింది కదా అని వయొలిన్ తీశాను. తీగల కింది బ్రిడ్జికి చప్పుడు తగ్గించే మ్యూట్ తగిలిస్తే పక్కగదిలో అత్తయ్యగారికి కూడా వినపడదు.

మీరంతా మూడున్నరకి లేవండి అని నేను చెప్పను. అలా చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకి టిఫిన్ ఎవరో చేసిపెడుతూ ఉంటారు. నేను రాత్రి తొమ్మిదింటికే పడుకుంటాను కాబట్టి నాకు కుదిరింది. మీ ఇంట్లో అలాంటి గంట మధ్యాహ్నం మూడింటికి ఉండొచ్చు, ట్యూషన్ సెంటర్ బయట స్కూటీ మీద కూర్చున్నప్పుడు ఉండొచ్చు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. టైము దొరికింది గానీ, ఏం వాయించాలో తేల్చుకునేసరికే సగం అయిపోయేది. కాసేపు జంట స్వరాలు, కాసేపు పాత వర్ణం, కాసేపు ఏదో రాగంలో తిరుగుళ్లు, ఇంతలో పాలబ్బాయి బెల్లు. అందుకని రాత్రి గిన్నెలు సర్దాక నోటు పుస్తకంలో మర్నాటికి ఒక్క ప్రశ్న రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఒక్కటే.

ఒక ప్రశ్న చెబుతాను. ఆభోగి రాగంలో పంచమం, అంటే ప, లేదు; నిషాదం, అంటే ని, లేదు. దానికి నిషాదం చేరిస్తే శ్రీరంజని రాగం స్వరాలు. నేను అప్పుడు శ్రీరంజనిలో ఆదితాళ వర్ణం చేస్తున్నాను. మొదట వచ్చే పల్లవిలో నిషాదాన్ని ఎంతసేపు దాచొచ్చు? వినేవాళ్లు ఆభోగి అనుకుంటూ ఉండగా ఎక్కడ బయటపెట్టాలి? ఈ ప్రశ్న తొమ్మిది రోజులు పట్టింది. జవాబు వచ్చింది మాత్రం వంటింట్లో, పులుసుకి పోపు పెడుతుంటే. రెండో ఆవర్తనం, అంటే తాళం రెండో చుట్టు, మధ్యలో, తారషడ్జం, అంటే పై స, నుంచి దిగుతూ స ని ద మ. గరిటె పట్టుకునే ఫోన్లో పాడి పెట్టుకున్నాను. ఆ రికార్డింగ్ పేరు "శ్రీరంజని పులుసు". నవ్వకండి, ఉత్త తేదీలు ఉంటే తర్వాత ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

తీరా వినిపిస్తే మా గురువుగారు ఒప్పుకోలేదు. ఆవర్తనానికి 32 అక్షరాల కాలం, నువ్వు నలభై దాటేదాకా రాగం పేరే చెప్పడం లేదు, వర్ణం అంటే పొడుపు కథా అన్నారు. నిజమే. నిషాదాన్ని మొదటి ఆవర్తనం చివరికి జరిపాను. రెండు రోజుల పని. ప్రశ్న కాగితం మీద ఉంది కాబట్టి ఎక్కడ విప్పాలో తెలిసింది.

ఫిబ్రవరి, మార్చిలో పిల్లల పరీక్షలు. అప్పుడు కొత్తది ముట్టుకోను. వేసవిలో కాలువ కట్టేసినప్పుడే కదా పూడిక తీసేది, నేనూ అప్పుడు తీగలు మారుస్తాను, పాత రికార్డింగులు విని పనికిరానివి చెరిపేస్తాను. ఆషాఢం నాకు పండగ. పెళ్లిళ్లుండవు, కచేరీ పిలుపులుండవు, చుట్టాలూ తక్కువే. నా రెండో వర్ణం చరణం మొత్తం ఒక ఆషాఢంలో అయిపోయింది.

ఇంట్లోవాళ్ల సంగతి అడుగుతారు. మా అత్తయ్యగారు మొదట్లో "పొద్దున్నే ఆ కీచులేంటమ్మా" అనేవారు, మ్యూట్ కొన్నది అందుకే. ఇప్పుడు మ్యూట్ పెట్టినరోజు వినపడలేదని అడుగుతున్నారు. పిల్లలు మాత్రం మారలేదు. వాయిస్తుంటేనే వాళ్లకి సాక్స్ కనపడవు.

సరే, మాటలు చాలు. ఇప్పుడు ఆ శ్రీరంజని వర్ణం వాయిస్తాను. చివర్లో వచ్చే స్వరాల వరసలు, చిట్టస్వరాల్లో, మూడోది ఇంకా కుదరలేదు, అక్కడ పాతదే వాయించి వచ్చేస్తాను. ఫోన్ పక్కనే పెట్టుకుంటున్నాను, ఏమీ అనుకోకండి. మా ఊళ్లో సాయంత్రం నుంచి కరెంటు లేదట, ఆయన గట్టు మీదే ఉన్నారు.