రకం ఏది, సైజు ఎంత: జియోకాష్ వెతికే ముందు చదవాల్సిన రెండు మాటలు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే హన్మకొండ దాకా వచ్చిన అక్కలకు, అన్నలకు, కాలేజీ పిల్లలకు స్వాగతం.

జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను, అంటే కాష్‌ను, జీపీఎస్ సాయంతో వెతికే ఆట. మీలో చాలామంది ఆ యాప్ ఫోన్‌లో వేసుకునే వచ్చారు. మ్యాప్ మీద గుర్తులు కనబడగానే లేచి బయలుదేరాలనిపిస్తుంది. ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం. కానీ కదిలే ముందు యాప్‌లో ఆ కాష్ పేజీ తెరిచి రెండు మాటలు చదవండి. అది ఏ రకం కాష్? ఎంత సైజు? ఈ రెండూ తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మన వరంగల్ లాంటి ఊళ్లో అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది: ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా తెలుస్తుంది.

ఈ ఆట పుట్టింది 2000 మే నెలలో. అప్పటిదాకా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలనే తేడా కలిపేది. దాన్ని తీసేసిన వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక నల్ల బకెట్ దాచి, అందులో నోటుబుక్కు, పెన్సిల్ పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో అందరికీ చెప్పాడు. వెళ్లినవాళ్లు దాన్ని వెతికి పట్టుకున్నారు. ఇవాళ్టికీ ఆట మూలం అదే: డబ్బా దొరకాలి, లోపలి లాగ్‌బుక్‌లో పేరు రాయాలి, ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టాలి.

ముందు సైజుల సంగతి. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల లోపు. పాత కెమెరా రీలు వచ్చే డబ్బీ గుర్తుందా, అంత. అందులోనే మరీ చిన్నవి, వేలి కొసంత ఉండేవాటిని నానో అంటారు. వాటికి అయస్కాంతం ఉంటుంది, ఇనుప రెయిలింగుకు అంటుకుని ఉంటాయి. లోపల చుట్టచుట్టిన కాగితం ముక్క తప్ప ఇంకేదీ పట్టదు, కాబట్టి పెన్ను మీరే పట్టుకెళ్లాలి. స్మాల్ అంటే 100 మిల్లీలీటర్ల నుంచి ఒక లీటరు దాకా. రెగ్యులర్ ఒక లీటరు నుంచి 20 లీటర్ల దాకా. ఆపైన లార్జ్: మన ఇళ్లకు వచ్చే వాటర్ క్యాన్‌ను మించిందన్నమాట. స్మాల్ నుంచి పైవాటిలో చిన్న చిన్న వస్తువులు కూడా ఉంటాయి. ఒకటి తీసుకుంటే, అంతే విలువైనది ఇంకోటి పెట్టాలి. నంబరు చెక్కిన బిళ్ల కట్టిన వస్తువు ఉంటే అది ట్రాకబుల్. దాన్ని ఇంట్లో దాచుకోవద్దు, ఇంకో కాష్‌కు చేర్చాలి. తినే వస్తువులు అసలు పెట్టొద్దు, వాసనకు చీమలూ కోతులూ వస్తాయి.

సైజు ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్క చెప్తాను. చెట్ల కింద, పెద్ద బండల పక్కన ఫోన్ జీపీఎస్ పది మీటర్లు తప్పడం మామూలే. పది మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే అది 314 చదరపు మీటర్లు, అంటే 375 గజాల ప్లాటు. అంత జాగాలో వేలి కొసంత వస్తువు కోసం వెతకడం వేరు, టిఫిన్ డబ్బా కోసం వెతకడం వేరు. పేజీలో రెగ్యులర్ అని ఉంటే, గోడ సందులో వేలు పెట్టి గెలకాల్సిన పనే లేదు. ఆ సందులో అది పట్టదు. ఈ ఒక్క ఆలోచన మిమ్మల్ని తేలు కాటు నుంచీ కాపాడుతుంది, పాత గోడనూ కాపాడుతుంది. కష్టం ఎంతో చెప్పేది వేరే అంకె. వెతకడానికి ఒకటి, నడకకు ఒకటి, రెండూ 1 నుంచి 5 దాకా ఉంటాయి. పెద్ద డబ్బా అయినంత మాత్రాన తేలిక అనుకోవద్దు.

ఇక రకాలు. ట్రెడిషనల్ అంటే మ్యాప్ చూపిన చోటే డబ్బా ఉంటుంది. మల్టీ అంటే మొదటి చోట ఇచ్చిన ఆధారంతో రెండో చోటు, అక్కణ్నుంచి ఇంకో చోటు. మిస్టరీకి ప్రశ్న గుర్తు ఉంటుంది. మ్యాప్ మీది చుక్క దగ్గర డబ్బా ఉండదు, చిక్కు విప్పితేనే అసలు చోటు తెలుస్తుంది. కొత్తవాళ్లు ఆ చుక్క దగ్గరికి వెళ్లి గంటలు గంటలు వెతుకుతుంటారు. పాపం, అక్కడ దొరకడానికి ఏమీ ఉండదు. లెటర్‌బాక్స్ రకంలో రబ్బరు స్టాంపు ఉంటుంది, అది డబ్బాదే, తీసుకెళ్లకూడదు. ఈవెంట్ అంటే మనుషులు కలుసుకోవడం. అందులోనే చెత్త ఏరే సమావేశాలూ ఉంటాయి.

నాకు మనసుకు దగ్గరైనవి డబ్బాలే లేని రకాలు, ముఖ్యంగా ఎర్త్‌కాష్. అక్కడ భూమే చూడాల్సిన వస్తువు. వెళ్లి పరిశీలించి, పెట్టినవాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. మన చుట్టూ ఉన్న గుట్టలు చూడండి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్రటి బండలను ఎవరూ పేర్చలేదు. భూమి లోతుల్లో చల్లారిన గ్రానైట్ రాయి నిలువుగా, అడ్డంగా పగిలింది. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలలను ముందుగా అరగదీశాయి. పైమట్టి కొట్టుకుపోయాక బండలు బయటపడ్డాయి. అదే భూపాలపల్లి వైపు పాండవుల గుట్టలకు వెళ్తే రాయే మారిపోతుంది, అది ఇసుకరాయి, పొరలు పొరలుగా ఉంటుంది. ఈ తేడాను పిల్లలు చేత్తో తడిమి తెలుసుకోవడం కంటే మంచి భూగర్భ పాఠం ఉండదని గట్టిగా నమ్ముతాను. ఎర్త్‌కాష్ పెట్టాలన్నా ఆ స్థలాన్ని చూసుకునే శాఖ అనుమతి కావాలి.

ఇక్కడే మీకు ఒక విన్నపం. ఖిలా వరంగల్ కీర్తి తోరణాల దగ్గర, వేయిస్తంభాల గుడిలో, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్పలో ఎంత చిన్న డబ్బీ కూడా దాచొద్దు. వీటిని పురావస్తు శాఖ కాపాడుతోంది. 1958 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చట్టం సంగతి పక్కనపెట్టినా, మీరు డబ్బీని జాగ్రత్తగానే పెడతారేమో. తర్వాత వెతికే పదిమంది అంత జాగ్రత్తగా ఉంటారని ఎవరు చెప్పగలరు? వదులైన రాయి కదిపితే ఇంకోటి కదులుతుంది. ఆ చోట్లను చూపించాలనుకుంటే మల్టీ చేయండి. నాలుగు తోరణాల నుంచి ఒక అంకె, శాఖవారి బోర్డు మీది సంవత్సరం నుంచి ఇంకో అంకె తీసుకోమనండి. డబ్బా మాత్రం కోట బయట, ఎవరి జాగానో వాళ్లను అడిగి, అనుమతి ఉన్న చోట పెట్టండి. ఆ జాగా యజమాని స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప తవ్వి పాతిపెట్టకూడదు, అది ఆట నియమమే. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం కూడా ఉండాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ట్రెడిషనల్ ఎంచుకోండి, సైజు స్మాల్ లేదా రెగ్యులర్, కష్టం రెండుకు మించకుండా. ఒంటరిగా గుట్టెక్కొద్దు. నీళ్లు, పెన్ను, చేతికి ఒక కర్ర ఉంచుకోండి. బండ కింద చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టండి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. దగ్గర్లో కనబడిన మొదటి కాష్ పేజీ తెరిచి, రకం, సైజు గట్టిగా చదవండి. మొదటి వరుసలోంచి మొదలుపెడదాం.