నాన్న ఫోన్‌లో లీనియేజ్ ఓఎస్ వేశాను, కాల్స్ పోవట్లేదు

యాంకర్: నంద్యాల నుంచి డిగ్రీ చదువుతున్న తమ్ముడు లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్, నమస్తే సార్. మా నాన్నది కిరాణా షాపు. ఆయన ఫోన్‌కి అప్‌డేట్లు ఆగి రెండేళ్లయింది. ఆదివారం నేనే కంపెనీ ఆండ్రాయిడ్ తీసేసి, లీనియేజ్ ఓఎస్ అనే ఉచిత ఆండ్రాయిడ్ ఎక్కించాను. ఫోన్ ఫాస్ట్ అయింది గానీ కాల్స్ పోవట్లేదు, యూపీఐ యాప్ తెరుచుకోవట్లేదు. నాన్న నాతో మాట్లాడటమే మానేశారు సార్.

నిపుణుడు: ముందు కాల్స్ చూద్దాం తమ్ముడూ. ఏ సిమ్?

శ్రోత: జియో సార్.

నిపుణుడు: సిగ్నల్ గీతల పక్కన వోల్టీ గుర్తు ఉందా? అంటే 4జీ నెట్ మీదే కాల్ వెళ్లే పద్ధతి.

శ్రోత: లేదు సార్. నెట్ వస్తోంది. డయల్ చేస్తే రెండు సెకన్లకే కట్టవుతోంది.

నిపుణుడు: అదే కారణం. జియోకి 2జీ, 3జీ లేవు, వోల్టీ ఉంటేనే మాట వెళ్తుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ చాలావరకు చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీల దగ్గరే ఉంటుంది, సోర్స్ కోడ్ బయటికి రాదు, అందుకే బయటివాళ్లు చేసిన ఓఎస్‌లో అది పనిచేయకపోవచ్చు. కెమెరాదీ ఇదే గొడవ. పీసీలో లినక్స్ అనే ఓఎస్ ఉన్న ఒకే పెన్‌డ్రైవ్ దాదాపు ఏ మెషీన్‌కైనా సరిపోతుంది. ఫోన్‌కి మాత్రం మోడల్ మోడల్‌కీ విడిగా కొలతలు తీసి కుట్టాలి. నువ్వు ఎక్కించిన లీనియేజ్ ఫైల్ ఎక్కడిది?

శ్రోత: ఒక టెలిగ్రామ్ గ్రూపులోది సార్.

నిపుణుడు: లీనియేజ్ సైట్‌లో నీ మోడల్‌కి పేజీ ఉందో లేదో ముందు చూడాల్సింది. ఇక యూపీఐ. ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్చారేమో చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అని ఒక పరీక్ష ఉంది. ఫోన్ ఆన్ అవగానే ఓఎస్‌ని మొదలుపెట్టేది బూట్‌లోడర్; వేరే ఓఎస్ కోసం దాన్ని అన్‌లాక్ చేసి ఉంటే మామూలుగా ఫోన్ అందులో తప్పుతుంది. ఆ పరీక్ష అడిగే యాప్ తెరుచుకోదు.

శ్రోత: దాన్ని దాటించే మాడ్యూల్స్ ఉన్నాయంటున్నారు సార్...

నిపుణుడు: డబ్బు నడిచే ఫోన్‌లో వద్దు నాన్నా. ఇవాళ పనిచేసింది రేపు గిరాకీ ముందు ఆగిపోతుంది. సరిగ్గా ఆ మోడల్‌దే కంపెనీ ఫర్మ్‌వేర్, అంటే ఫోన్‌తో వచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ తెచ్చి మళ్లీ ఎక్కించు. అంతా పనిచేస్తోందని చూసుకున్నాకే బూట్‌లోడర్ లాక్ చెయ్యి. ఈ లీనియేజ్ ఉండగా లాక్ చేశావో, ఫోన్ ఆన్ కాకుండా పోవచ్చు. లాక్ చేసినా డేటా చెరిగిపోతుంది, ఫోటోలు ముందే తీసిపెట్టుకో.

శ్రోత: అయితే ఈ పని ఇక మానేయాలా సార్?

నిపుణుడు: ఎందుకు మానాలి? ఫోన్ల కోసం లినక్స్ తయారుచేసే పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వాళ్లు 2017లో మొదలుపెట్టిందే ఫోన్‌కి పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలని. బాగున్న ఫోన్లు చెత్తలో పడుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. సిమ్ లేని పాత ఫోన్ మీద నేర్చుకో. ఇవాళ మాత్రం నీ ఫోన్‌లో నాన్న సిమ్ వేసి ఇచ్చెయ్. క్యూఆర్ స్టిక్కర్‌కి వచ్చే డబ్బు ఎటూ ఖాతాలో పడుతుంది. ఆయన యూపీఐ మాత్రం ఆ సిమ్‌తోనే మళ్లీ రిజిస్టర్ చేయాలి.

శ్రోత: ఇప్పుడే షాపుకి వెళ్తున్నా సార్.