నీడ పడకముందే పూసేవి

శ్రోతలకు నమస్కారం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా వైపు మన తెలుగువాళ్ల పెరళ్లలో ఎండ తగిలే చోటంతా బీర, సొర, గోంగూరకే పోతుంది. మేపుల్, ఓక్ చెట్ల కింది జాగాను ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే మార్చి, ఏప్రిల్ నెలల్లో పెరడు మొత్తానికి చూడదగ్గ చోటు అదే.

మన ఊళ్లో వేపపూత విరగబూసే ఉగాది రోజుల్లో అక్కడి చెట్లు ఇంకా మోడులే. ఎండ సూటిగా నేలకు దిగుతుంది. కొమ్మలకు ఆకులొచ్చి నీడ కమ్మేదాకా ఉండే ఆ కొద్ది వారాల్లోనే కొన్ని అడవి మొక్కలు మొలిచి, పూసి, గింజ కట్టి, ఏడాదికి సరిపడా తిండి దుంపలో దాచేసుకుంటాయి. వాటిలో చాలావాటికి వేసవి నడిమికల్లా నేలమీద ఆనవాలే ఉండదు.

ఆ అడవి మొక్కల్లో ఒకటైన బ్లడ్‌రూట్‌ను ఒక్కసారి వంగి దగ్గరగా చూడండి. చలికి దుప్పటి కప్పుకున్నట్టు, ఒకే ఒక్క ఆకును చుట్టుకుని మొగ్గ పైకొస్తుంది. తెల్లని పువ్వు ఎండకు విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. గట్టి వాన పడిందా, రేకులన్నీ రాలిపోతాయి. దుంప తెగితే ఎర్రటి రసం కారుతుంది, అది చర్మానికి మంచిది కాదు. గింజకు అంటుకుని కొవ్వున్న చిన్న కండ ఉంటుంది. దానికోసం చీమలు గింజను పుట్టకు మోసుకెళ్లి, కండ తినేసి గింజను వదిలేస్తాయి. అందుకే మనం నాటని చోట కూడా కొత్త మొక్క కనిపిస్తుంది.

వర్జీనియా బ్లూబెల్స్ అనే ఇంకో అడవి మొక్క లేత ఆకులు ముదురు ఊదా రంగులో ఉంటాయి. కుళ్లిన ఆకులనుకుని పీకేయకండి. మొగ్గ గులాబీ రంగు, విచ్చుకున్నాక నీలం! పూత అయిపోయాక ఆకులు పసుపు పచ్చగా మారి వాటంతటవే వాలేదాకా కత్తిరించొద్దు. ఆ ఆకులే దుంపకు తిండి పంపేది. తర్వాత మిగిలే ఖాళీని పక్కన నాటిన హోస్టా, ఫెర్న్ లాంటి ఆకు మొక్కలు కప్పేస్తాయి. హోస్టా ఆలస్యంగా లేస్తుంది, జింకలకు మహా ఇష్టం, అది వేరే టెన్షన్.

మార్చిలో ఆ చెట్ల కింద పార పెట్టకండి. తడి నేలను తొక్కితే మట్టి గట్టిపడి మొలక పైకి రాలేదు. రాలిన ఆకులు మందంగా పేరుకుంటే చేత్తో కాస్త పలచన చేయండి, చాలు.

ఇంకొక్క మాట. ఇలాంటిదే మరో అడవి మొక్క ట్రిలియం. దాని గింజ నుంచి మొదటి పువ్వు రావడానికి ఏడేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అందుకని దాన్ని అడవిలోంచి తవ్వి తెచ్చుకోకండి. కొనేటప్పుడు, ఇది మీరు పెంచిన మొక్కేనా అని నర్సరీవాళ్లను అడిగి మరీ కొనండి.