వానలో మౌంటెన్ బైకింగ్: జాకెట్ లోపలి తడి ఎక్కడిది?

[తెరపై: బల్ల మీద పరిచిన వాన జాకెట్, కెమెరా భుజం భాగానికి దగ్గరగా]

నమస్కారం. ముందుగా ఈ జాకెట్‌ను దగ్గరగా చూడండి. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో ముసురులో తొక్కి వచ్చిన ఒక రైడర్ దీన్ని ఇప్పుడే విప్పి ఇచ్చారు. భుజాల మీద నీటి బొట్లు ఇంకా గుండ్రంగా నిలిచే ఉన్నాయి. బట్ట వాటిని పీల్చుకోలేదు. కుట్ల మీద అతికించిన టేపు ఎక్కడా లేవలేదు, జిప్పు సందుల్లోంచి నీరు దిగిన గుర్తు కూడా లేదు. ఇప్పుడు లోపలి వైపుకు తిప్పుతున్నాను. మోచేతి నుంచి మణికట్టు దాకా అంతా తడి. వీపున బ్యాగు ఆనిన చోట వేలితో గీస్తే నీటి చార పడుతోంది.

ఇలాంటి జాకెట్‌ను చూపించి "ఇంత డబ్బు పోసి కొన్నా నీళ్లు దిగుతున్నాయి" అనడం వానాకాలం వచ్చిన ప్రతిసారీ వింటున్నాను. అలా అన్నవారు ఇంకా మందమైన జాకెట్ కొని ఇంకా ఎక్కువ తడిసి ఇంటికి వస్తారు. మరికొందరు వాన నెలల్లో సైకిల్‌నే మూలన పెట్టేస్తారు. మన కొండలు ఏడాది మొత్తంలో అత్యంత అందంగా ఉండే నెలలు అవే కాబట్టి నాకు నిజంగా బాధ కలుగుతుంది. అందుకే ఈ ఒక్క అపోహను పట్టుకుని ఈ రోజు వివరంగా మాట్లాడతాను.

పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నప్పుడు గిన్నె మూత ఎత్తితే మూత అడుగున నీటి బొట్లు కనిపిస్తాయి. ఆ నీరు మూతకు చిల్లు పడి పైనుంచి దిగిందని ఎవరూ అనుకోరు. గిన్నెలోంచి లేచిన ఆవిరి చల్లని మూతకు తగిలి నీరైందని అందరికీ తెలుసు. వానలో ఎత్తు ఎక్కుతున్న రైడర్ విషయంలోనూ జరిగేది ఇదే. కాళ్ల కండరాలు పొయ్యి, ఒళ్లు గిన్నె, జాకెట్ మూత.

ఆ పొయ్యి మంట ఎంత పెద్దదో ఒకసారి లెక్క చూద్దాం. కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు చేరేది మహా అయితే నాలుగో వంతు. మిగిలినదంతా వేడిగా మారుతుంది. పెడల్ మీద 150 వాట్లు పెట్టి ఎత్తు ఎక్కే రైడర్ ఒంట్లో 450 వాట్లకు తగ్గని వేడి పుడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 24 లక్షల జూళ్ల వేడి పోతుంది కాబట్టి, ఆ వేడి మొత్తం చెమట ద్వారానే పోవాలంటే గంటకు 650 మిల్లీలీటర్లకు పైగా చెమట ఆరాలి. ఇప్పుడు జాకెట్ లేబుల్ చూడండి. ఆవిరిని వదిలే సామర్థ్యం చదరపు మీటరుకు రోజుకు 10,000 గ్రాములు అని రాసి ఉంటే, అది గంటకు సుమారు 415 గ్రాములు. అది కూడా ప్రయోగశాలలో అనుకూలమైన పరిస్థితుల్లో తీసిన లెక్క. బ్యాగు ఆనిన వీపులోంచి, మడతలు పడిన మోచేతుల్లోంచి, బురద పట్టిన బట్టలోంచి అంత ఆవిరి బయటకు పోదు.

"అయితే గాలాడే వాటర్‌ప్రూఫ్ బట్ట అని చెప్పేదంతా అబద్ధమా?" అని మీరు అడగవచ్చు. కాదు, ఆ బట్ట నిజంగానే గొప్ప వస్తువు. అమెరికాలో బాబ్ గోర్ 1969లో వేడి చేసిన పీటీఎఫ్‌ఈ (నాన్‌స్టిక్ పెనాలకు పూసే టెఫ్లాన్) కడ్డీలను సాగదీసే పనిలో ఉన్నారు. మెల్లగా లాగినప్పుడల్లా అవి తెగిపోయేవి. ఒకసారి ఒక్క ఉదుటున లాగితే కడ్డీ తెగకుండా ఎన్నో రెట్లు సాగి, లోపలంతా సూక్ష్మ రంధ్రాలతో నిండిన కొత్త పదార్థంగా మారింది. ఇలాంటి జాకెట్ల బట్టలో ఉండే గోర్‌టెక్స్ అనే పల్చని పొర అక్కడి నుంచే పుట్టింది. దాని రంధ్రాలు నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, ఆవిరి అణువు సులువుగా దాటిపోయేంత పెద్దవి. అయితే ఆవిరి తనంతట తాను ఆ రంధ్రాల్లోంచి నడిచిపోదు. లోపలి ఆవిరి పీడనం బయటి పీడనం కంటే ఎక్కువగా ఉంటేనే, ఆ తేడా తోసినంత మేరకే పోతుంది. చాలామంది వదిలేసే సంగతి ఇదే.

[తెరపై: రెండు పటాలు, ఒకటి వికారాబాద్, మరొకటి సియాటెల్]

35 డిగ్రీల చర్మం దగ్గర, చెమటతో తడిసి ఉన్నప్పుడు, ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్‌లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) ఉంటుంది. 5 డిగ్రీల చలిలో వాన పడుతుంటే బయటి గాలిలో అది సుమారు 0.9 మాత్రమే, అంటే ఆవిరిని బయటికి తోసే తేడా 4.7. అదే జూలైలో మన కొండల మీద 24 డిగ్రీల్లో ముసురు పట్టి ఉంటే బయటి గాలిలోనే సుమారు 3 కిలోపాస్కల్‌ల ఆవిరి ఉంటుంది; తేడా 2.6కు పడిపోతుంది. అదే జాకెట్, అదే మనిషి, కానీ ఆవిరిని తోసే బలం దాదాపు సగం. మనం "ఉక్కగా ఉంది" అనేది ఈ పరిస్థితినే. అమెరికాలోని సియాటెల్ ప్రాంతంలో ఉంటూ డ్యూతీ హిల్, టైగర్ మౌంటెన్ ట్రైల్స్‌లో (సైకిల్ తొక్కే కొండ దారుల్లో) శీతాకాలపు వానలో తొక్కే మన తెలుగువారు ఆ జాకెట్‌ను మెచ్చుకుంటే, వారి అనుభవం అక్కడి వాతావరణానికి నూటికి నూరుపాళ్లు సరైనదే. దాన్ని విని అదే జాకెట్‌ను ఇక్కడికి తెప్పించుకుని అనంతగిరిలో వేసుకుంటేనే చిక్కు వస్తుంది.

దీనికి తోడు మరొక సమస్య ఉంది. జాకెట్ పైబట్ట మీద నీటిని జార్చే పూత అరిగిపోతే బట్ట నీరు పీల్చుకుని నల్లబడుతుంది. పొర ఇంకా నీటిని ఆపుతూనే ఉంటుంది, కానీ దాని మీద తడి బట్ట చల్లగా కప్పుకుని ఉంటుంది. మూత మీద చన్నీళ్లు పోస్తే అడుగున బొట్లు ఇంకా త్వరగా పడతాయి కదా, ఇక్కడా అంతే.

కాబట్టి మన వెచ్చని వానలో పూర్తిగా పొడిగా ఉండాలనే లక్ష్యాన్ని ఎత్తు ఎక్కేటప్పుడు పక్కన పెట్టండి. ఒళ్లు వెచ్చగా ఉంటే, చర్మం ఒరుసుకోకుండా ఉంటే, కళ్లు కనబడుతుంటే తడిసినా హాయిగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు మంట పెద్దది కాబట్టి మూత తీసేయడమే మేలు. పల్చని జెర్సీతో తడుస్తూ ఎక్కండి, జాకెట్‌ను మడిచి బ్యాగులో పెట్టుకోండి. వాన మరీ జోరుగా ఉండి జాకెట్ వేసుకోవలసి వస్తే మూత వారగా జరిపినట్లు ముందు జిప్పు సగం దించి, చంకల కింద జిప్పులు ఉంటే పూర్తిగా తెరవండి. కొనేటప్పుడు నేను బట్ట నీటిని ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్ అంకెల కంటే ముందు చూసేది ఆ చంక జిప్పులనే. వేగాన్ని కూడా కాస్త తగ్గించండి. మంట తగ్గితే ఆవిరి తగ్గుతుంది.

కొండ ఎక్కి దిగడం మొదలుపెట్టగానే లెక్క తలకిందులవుతుంది. పెడల్ ఆగిపోతుంది, అంటే పొయ్యి ఆరిపోతుంది. తడి ఒంటికి ఎదురుగాలి తగిలి ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని మోసుకుపోతుంది కాబట్టి 24 డిగ్రీల్లో కూడా పళ్లు కొట్టుకునేంత చలి పుడుతుంది. అరకు, లంబసింగి వైపు ఎత్తు వెయ్యి మీటర్ల దాకా ఉంటుంది, చలి ఇంకా ఎక్కువ. అన్నం వేడి నిలవాలంటే పొయ్యి ఆర్పాక మూత పెట్టాలి. అందువల్ల పైకి చేరగానే, చలి వేయక ముందే, జాకెట్ వేసుకుని గొంతు దాకా జిప్పు లాగండి. దిగడానికే అయితే ఖరీదైన జాకెట్ అక్కర్లేదు, గాలిని ఆపే మామూలు విండ్‌చీటర్ సరిపోతుంది. మోటార్ సైకిల్ మీద వేసుకునే ప్లాస్టిక్ రెయిన్ కోటును మాత్రం ట్రైల్ మీదికి తేవద్దు. అందులో ఆవిరి వెళ్లే దారే లేదు, పైగా దాని ప్యాంటు గొలుసులో చిక్కుకుంటుంది.

ఒంటిని అంటుకునే లోపలి బట్ట గురించి నా అభిప్రాయం చాలా గట్టిది: నూలు టీషర్టు వద్దు. నూలు నీటిని తాగి బరువెక్కి ఒంటికి అతుక్కుపోతుంది, గంటలు గడిచినా ఆరదు. పల్చని పాలిస్టర్ జెర్సీ త్వరగా ఆరుతుంది. నాకు అంతకంటే ఇష్టమైనది ఉన్ని. మన నేల మీద ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తెలంగాణలో గొర్రెల కాపరులు వానలో నెత్తి మీదుగా గొంగడి కప్పుకుని మంద వెంట నిలబడతారు. ఉన్ని పోగు పైపొర నీటి బొట్టును జారుస్తుంది, లోపలి భాగం ఆవిరిని తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకుంటుంది, పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడిని కూడా విడుదల చేస్తుంది. దక్కనీ గొర్రె ఉన్ని ముతక కాబట్టి ఒంటి మీద నేరుగా వేసుకోలేం; మెరీనో అనే జాతి గొర్రెల ఉన్ని పోగు సన్నగా ఉండి గుచ్చుకోదు. ధర ఎక్కువే, కానీ ఒక్క పల్చని బనియన్ మీద పెట్టిన డబ్బు కూడా వృథా పోదు.

[తెరపై: ముందు చక్రం, ఫోర్క్ మధ్య బిగించిన చిన్న ప్లాస్టిక్ మడ్‌గార్డ్]

ఇప్పుడు ఈ ప్లాస్టిక్ ముక్కను చూడండి. నాలుగు జిప్ టైలతో ఫోర్క్‌కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల కడ్డీకి, బిగించాము, వాన సామానులో అన్నిటికంటే చవకైన వస్తువు ఇదే. వాన ఆగిపోయిన అరగంట తర్వాత కూడా ట్రైల్ మీద మిమ్మల్ని తడిపేది ఆకాశం కాదు, మీ చక్రాలు. ముందు టైరు గుంటలోని నీటిని పైకి, ముందుకు విసురుతుంది. మీరు ముందుకు వెళ్లి ఆ నీటిలోకే ముఖం పెడతారు. వెనుక టైరు విసిరేది నేరుగా సీటు మీదికి, షార్ట్స్ లోపల సీటు ఆనే చోట కుట్టిన మెత్తని ప్యాడ్‌లోకి చేరుతుంది. అనంతగిరి ఎర్రమట్టి నీటిలో సన్నని గరుకు రేణువులు ఉంటాయి. అవి ప్యాడ్‌లో చేరాక ప్రతి పెడల్ తిప్పుకూ తొడల మూలల్లో చర్మాన్ని రాస్తూనే ఉంటాయి, మర్నాడు కూర్చోవడానికి కూడా కష్టమవుతుంది. జాకెట్ కోసం వేలు ఖర్చు పెట్టి మడ్‌గార్డ్ లేకుండా వచ్చేవారిని చూస్తే నాకు చెప్పాలనే తపన ఆగదు: ముందు ఇది, వెనుక సీటు కింద మరొకటి, ఆ తర్వాతే జాకెట్. ముందు మడ్‌గార్డ్‌కు, టైరుకు మధ్య మాత్రం వేలు దూరేంత సందు ఉంచండి. సందు చాలకపోతే జిగట బురద అక్కడ పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది.

చర్మం ఒరుసుకోకుండా బయలుదేరే ముందే తొడల మూలల్లో రాసుకోవాలి. కొబ్బరినూనె చాలామంది వాడతారు, కానీ అది త్వరగా ఇంకిపోతుంది. పెట్రోలియం జెల్లీ నీటికి ఎక్కువ సేపు అడ్డుగా నిలుస్తుంది. దాన్ని ప్యాడ్ నుంచి వదిలించడానికి వేడినీళ్లతో ఉతకవలసి వస్తుంది, అది భరించదగిన ఇబ్బందే. వాటర్‌ప్రూఫ్ షార్ట్స్ కొనాలనుకుంటే సీటు భాగం మాత్రమే నీరు ఆపి మిగతాది గాలాడేది చూడండి. నీరు కింది నుంచి వస్తుంది, ఆవిరి పైకి పోవాలి.

సమయం దగ్గర పడింది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. పాదాలకు మన వానలో వాటర్‌ప్రూఫ్ సాక్స్ నేను సిఫారసు చేయను: వాగు దాటినప్పుడు చీలమండ పైనుంచి నీరు దిగితే మళ్లీ బయటికి రాదు. పల్చని ఉన్ని సాక్స్, నీరు కారిపోయే జాలీ బూట్లు చాలు. సియాటెల్ చలిలో అయితే నియోప్రీన్ (ఒక రకం మెత్తని రబ్బరు) సాక్స్ మంచివి. హెల్మెట్ కింద అంచు టోపీ పెట్టుకుంటే వాన కళ్లలో పడదు. రంగు లేని అద్దాల కళ్లజోడు పెట్టుకుని, ఆగినప్పుడు దాన్ని ముక్కు చివరికి జరిపితే మసక పట్టదు. జిప్పు కవర్లో రెండో జత గ్లౌజులు పెట్టుకుని పైకి చేరాక మార్చుకోండి, దిగేటప్పుడు బ్రేకుల మీద వేళ్లు మొద్దుబారకుండా ఉంటాయి. ఫోను, పొడి బనియన్ కూడా అలాంటి కవర్లోనే ఉండాలి.

జాకెట్‌ను ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, అది నీటిని జార్చే పూతను పని చేయనివ్వదు. లేబుల్ అనుమతిస్తే ఉతికి ఆరబెట్టాక తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి, పూత మళ్లీ పని చేస్తుంది. ఇక రైడ్ ముగిసిన వెంటనే, టీ తాగడానికి కూడా ముందే, తడి షార్ట్స్ మార్చుకోండి. చర్మం పాడయ్యేది ఎక్కువగా తడి బట్టలతో కారులో కూర్చుని ఇంటికి వచ్చే ఆ రెండు గంటల్లోనే. బూట్ల లోపలి అట్టలు తీసి, పాత వార్తాపత్రికల కాగితాలు ఉండలు చుట్టి కుక్కి, గంటకొకసారి మార్చి ఫ్యాను కింద పెట్టండి. మంట దగ్గర పెడితే జిగురు ఊడి అడుగు విడిపోతుంది.