సగం గ్రంథి మిగిలాక: పొద్దుటి మాత్ర, పొద్దుటి కాఫీ

మరిది: శ్రోతలందరికీ నమస్కారం. థైరాయిడ్ గ్రంథిలో ఒక పక్క తీసేశాక, మిగిలిన సగం చాలక హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ లోటు, ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అన్నది ఈ వారం విషయం. పోయిన వారమే రావలసిన ఈ భాగం దోసెపిండి గొడవతో వెనక్కి పోయిందని పాత శ్రోతలకు తెలుసు.

వదిన: ఆ గొడవ మళ్ళీ ఎత్తకు, విషయంలోకి వెళదాం. గడ్డ ఉన్న లోబును తీసేస్తే, చాలామందిలో రెండో లోబు ఆ పని కూడా అందుకుంటుంది. సుమారు ఐదుగురిలో ఒకరికి మాత్రం అది చాలదు. ఆపరేషన్‌కు ముందే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ పని చాలనప్పుడు రక్తంలో పెరిగే హార్మోన్, మామూలు హద్దుల్లో పై అంచుకు దగ్గరగా ఉన్నవారికి, రక్తంలో థైరాయిడ్ మీదే దాడిని సూచించే యాంటీ టీపీవో యాంటీబాడీలు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. అందువల్ల ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూడాలి. అప్పుడు బాగుందని వదిలేయకుండా ఏడాది పొడుగునా మధ్య మధ్య చూస్తూ ఉండాలి.

మరిది: అన్ని వారాలు ఆగడానికి కారణం ఉంది. రక్తంలోని థైరాక్సిన్, అంటే ఈ గ్రంథి చేసే హార్మోన్, సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కనుక, తొందరపడి పరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడదు. ఇక్కడ కోఖర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను వదినా.

వదిన: చెప్పు. నువ్వు చెప్పనిదే ఈ భాగం పూర్తి కాదని అందరికీ తెలుసు.

మరిది: స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో థియోడర్ కోఖర్ అనే సర్జన్, గ్రంథి మొత్తం తీసేసిన తన రోగులను తిరిగి పిలిపించి పరీక్షించాడు. వాళ్ళలో చాలామంది ముఖాలు ఉబ్బి, మాట మందగించి, నీరసించి కనిపించారు. ఆ సంగతిని ఆయన 1883లో బయటపెట్టి, అప్పటినుంచి వీలైనంత గ్రంథిని మిగల్చడం మొదలుపెట్టాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు సగం తీసి సగం ఉంచడం వెనుక ఉన్నది ఆ జాగ్రత్తే.

వదిన: ఆ జాగ్రత్త ఆపరేషన్ బల్ల దగ్గరే ఆగిపోతే లాభం లేదు, మాత్ర వేసుకునే వేళ దాకా రావాలి. లోటు తీర్చడానికి థైరాక్సిన్‌నే మందుగా ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాకే ఏదైనా తీసుకోవాలి. మన ఇళ్ళలో చాలామంది దాన్ని కాఫీతో మింగేస్తున్నారు.

మరిది: అమ్మ విషయమే కదా మీరు చెబుతున్నది. ఐదింటికి లేచి డికాక్షన్ దింపి, పాలు కాచి, మొదటి గ్లాసు చేతికి వచ్చాకే ఆవిడకు తెల్లవారుతుంది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషిని ఆ గ్లాసు ఎదురుగా పెట్టుకుని గంటసేపు కూర్చోమనడం నాకు న్యాయంగా అనిపించదు.

వదిన: ఆవిడ కోసమే చెబుతున్నాను. కాఫీతో కలిపి మింగితే మాత్ర పేగులో సరిగా ఇంకదు, మన కాఫీలోని పాలు కూడా దానికి అడ్డుపడతాయి. టీఎస్‌హెచ్ తగ్గలేదని డోసు పెంచుతారు. ఒకనాడు కాఫీ ఆలస్యమైతే మాత్ర పూర్తిగా ఇంకి గుండెదడ వస్తుంది.

మరిది: ఒక్కరోజు తేడాకు దడ వస్తుందంటే నేను ఒప్పుకోను. ఇంతకుముందే అనుకున్నాం కదా, ఆ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది.

వదిన: ఆ మాట నిజమే, ఒక్కరోజుకు రాదు. అలవాటు మారి కొన్ని వారాలు గడిస్తే వస్తుంది. ఏ పద్ధతైనా రోజూ ఒకేలా ఉండాలన్నది నా పట్టుదల.

మరిది: అలాగైతే రాత్రి వేసుకోవచ్చు. భోజనమై మూడు గంటలు దాటాక పడుకునే ముందు వేసుకున్నా బాగానే పనిచేస్తుంది.

వదిన: మన ఇంట్లో భోజనాలు తొమ్మిదిన్నరకు. పైగా ఎముకల కోసం అత్తయ్య కాల్షియం మాత్ర వేసుకునేది రాత్రే. కాల్షియానికీ, ఐరన్‌కూ ఈ మాత్రకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

మరిది: ఇంగ్లాండులో జార్జ్ మర్రే అనే డాక్టరు 1891లో గొర్రెల థైరాయిడ్ రసంతో వైద్యం చేసిన రోగికి కాఫీ నియమాలేవీ లేవు. ఆవిడ 28 ఏళ్ళకు పైగా బతికింది, అందుకు 870కి పైగా గొర్రెల గ్రంథులు పట్టాయి.

వదిన: మొదట ఆయన దాన్ని సూదిమందుగా చర్మం కింద ఎక్కించాడు. ఆ మందుకు కడుపుతో పని లేనప్పుడు కాఫీ అడ్డు ఎక్కడిది?

మరిది: ఒప్పుకుంటున్నాను. అయినా, ఈ విషయంలో మీరు ఇంత గట్టిగా ఎందుకు పట్టుబడుతున్నారో శ్రోతలకు చెప్పాలి వదినా.

వదిన: నాకు ఆపరేషన్ అయ్యాక, సగం ఉంది కదా, మందులు అక్కరలేదని పంపించారు. కొన్ని నెలలకు వేసవిలోనే చలి మొదలైంది, దువ్వెన నిండా జుట్టు వచ్చేది, మెట్లెక్కితే కాళ్ళు బరువెక్కేవి. మధ్యాహ్నం పడుకుంటే బద్ధకమని ఇంట్లో అన్నారు, నేనూ అదే నమ్మాను. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ పది దాటి ఉంది. పది లోపు ఉండి బాధలేవీ లేకపోతే కొన్నాళ్ళు చూడవచ్చు, కొందరిలో మిగిలిన సగం తేరుకుంటుంది కూడా. కానీ పరీక్షే చేయించకపోతే, తేరుకుందో లేదో ఎవరికి తెలుస్తుంది?

మరిది: బద్ధకమని అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

వదిన: ఇప్పుడది వదిలెయ్. ఈ మాత్ర వేసుకుంటూ గర్భం దాల్చిన అమ్మాయిలెవరైనా వింటుంటే, సంగతి తెలిసిన వెంటనే డాక్టరుగారికి చెప్పండి. చాలామందికి డోసు పెంచవలసి వస్తుంది.

మరిది: మరి అమ్మకు రాత్రి మాత్ర మొదలుపెడితే కాల్షియం మధ్యాహ్నానికి మార్చాలా?

వదిన: భోజనంతో పాటు ఇవ్వవచ్చు, కానీ డాక్టరుగారిని అడిగాకే. మార్చిన ఆరు వారాలకు మళ్ళీ టీఎస్‌హెచ్ చూడాలి.

మరిది: కోఖర్ కూడా అలాగే రోగులను తిరిగి పిలిపించి—

వదిన: ముందు అత్తయ్యను పిలువు, డోసు ఎంతో సీసా మీద చూసి చెప్పమను.